బతికిన మొక్కే లెక్క: తెలంగాణ పంచాయతీల్లో 85 శాతం నిబంధనపై ఒక కేస్ స్టడీ

2018 ఏప్రిల్ 18న అమల్లోకి వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం మొక్కల విషయంలో ఒక గట్టి షరతు పెట్టింది. గ్రామంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. బతికించే బాధ్యత సర్పంచ్‌ది, పంచాయతీ కార్యదర్శిది. నిర్లక్ష్యం చేస్తే పదవి పోయే దాకా చర్యలు తీసుకోవచ్చు. స్థానిక సంస్థలకు పర్యావరణ బాధ్యతలు అప్పగించడం మన దేశంలో కొత్త కాదు. రాజ్యాంగం 11వ షెడ్యూలులో సామాజిక అడవుల పెంపకం పంచాయతీల అంశంగా ఎప్పటినుంచో ఉంది. కానీ మొక్క ఎండితే ఎవరు జవాబు చెప్పాలో ఇంత సూటిగా రాసిన చట్టాలు అరుదు.

ఆ చట్టం అమలవుతున్న ఏళ్లలో నేను పాత నల్గొండ జిల్లాలోని ఒక మెట్ట మండలంలో పంచాయతీల పర్యవేక్షణ చూసేవాడిని. ఎర్ర చెలక నేలలు, లోతుకు దిగిన బోర్లు, ఏప్రిల్ వస్తే వట్టిపోయే కుంటలు. మొక్కను బతికించడం కష్టమైన చోటే నిబంధన బలమెంతో, లోపమెక్కడో బయటపడుతుంది. అందుకే ఈ కేస్ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. లెక్కను నాటడం నుంచి బతికించడం వైపు తిప్పడం చాలా మంచి పని, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోకూడదు. అయితే ఆ చట్టం మొక్కతో శిక్షను ముడిపెట్టినంత గట్టిగా నీళ్లతో డబ్బును ముడిపెట్టలేదు. క్షేత్రస్థాయిలో మేం చూసిన చిక్కుల్లో ఎక్కువ భాగం అక్కడి నుంచే పుట్టాయి.

చట్టానికి ముందు, తర్వాత

2015 జూలై 3న చిలుకూరులో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు హరితహారం ప్రారంభించారు. రాష్ట్రంలో 24 శాతంగా ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి పెంచడం లక్ష్యం. ఇందుకోసం 230 కోట్ల మొక్కలు పెంచాలన్నారు. తొలి ఏళ్లలో ఊపు బాగా ఉంది. రోడ్ల పక్కన, బడుల్లో, చెరువు కట్టల మీద, శ్మశానాల్లో వానాకాలమంతా నాటారు. అయితే మొక్క అటవీశాఖ నర్సరీదో, ఉద్యానశాఖదో. గుంత ఉపాధి హామీది. నాటిన రోజు అధికారులది. ఆ తర్వాత అది ఎవరిదీ కాదు. మరుసటి వేసవి గడిచాక అవే గుంతల్లో మళ్లీ కొత్త మొక్కలు పెట్టిన ఊళ్లు నా మండలంలోనే ఉన్నాయి.

2018 చట్టం, దాని తర్వాత 2019 సెప్టెంబరు 6న 30 రోజుల కార్యాచరణగా మొదలైన పల్లె ప్రగతి అనే గ్రామాభివృద్ధి కార్యక్రమం ఈ అనాథ స్థితిని పోగొట్టాయి. రాష్ట్రంలోని 12,750కి పైగా గ్రామ పంచాయతీల్లో ప్రతిదానికీ ఒక కార్యదర్శి వచ్చారు. ప్రతి పంచాయతీకి ట్రాక్టర్, ట్రాలీ, నీళ్ల ట్యాంకర్ సమకూరాయి. ఊరికొక నర్సరీ వచ్చింది. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్‌గా పక్కన పెట్టాలన్నారు. 2019 మున్సిపల్ చట్టంలో పట్టణాలకూ ఇదే నియమం పెట్టారు. పారిశుధ్యానికి, వీధి దీపాలకు ఉన్నట్లే మొక్కలకూ గ్రామంలో ఒక స్థాయీ సంఘం ఏర్పడింది.

వీటిలో దేని ప్రభావం ఎక్కువ అంటే నేను నిస్సందేహంగా ట్యాంకర్ పేరే చెబుతాను. శిక్ష భయం మనిషిని మొక్క దగ్గరికి తీసుకెళ్తుంది. కానీ అక్కడ పోయడానికి నీళ్లు ఉండాలి కదా. అంతకుముందు మొక్కలకు నీళ్లు పట్టాలంటే ఊళ్లో ఎవరి ట్రాక్టరో ఖాళీగా ఉండాలి, కిరాయి కుదరాలి, బిల్లు ఎప్పుడొస్తుందో తెలియకపోయినా ఆయన ఒప్పుకోవాలి. పంచాయతీకి సొంత ట్యాంకర్ వచ్చాక ఆ బేరం పోయింది.

నర్సరీ: విత్తనానికీ ఒక పంచాంగం ఉంది

మొక్క బతుకు గుంతలో నిర్ణయమవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అంతకు ఏడాది ముందే, నర్సరీలో, సగం నిర్ణయమైపోతుంది.

ఊరి నర్సరీల్లో మామూలుగా నవంబరు, డిసెంబరులో ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి సంచులు నింపుతారు. జనవరి నుంచి మార్చి దాకా విత్తుతారు. జూన్, జూలైలో వానలు పడగానే మొక్కలు బయటికి వెళ్తాయి. పని దినాలకు, బడ్జెట్‌కు, నివేదికలకు ఇది అనుకూలమైన క్యాలెండరే. చింతకు బాగానే కుదురుతుంది, ఎందుకంటే చింతపండు ఇంటింటా దంచే కాలం కూడా అదే, గింజలు కావలసినన్ని దొరుకుతాయి. కానుగ కాయలూ ఎండాకాలంలోనే రాలతాయి. సీతాఫలం గింజలు కార్తీకంలో ఎండబెట్టి దాచుకుంటే తర్వాత పనికొస్తాయి.

వేప సంగతి అలా కాదు. వేప పండ్లు జూన్, జూలైలో రాలతాయి. గింజలో మొలిచే శక్తి కొన్ని వారాలే ఉంటుంది. ఆషాఢంలో ఏరిన గింజను డిసెంబరు సంచి కోసం దాస్తే ఇక అది మొలవదు. నేరేడుదీ అదే కథ. పండు తిన్న వెంటనే గింజ మట్టిలో పడాలి. అంటే వేప, నేరేడు కావాలంటే జూలైలోనే విత్తి, ఆ మొక్కను వచ్చే వానాకాలం దాకా సుమారు పదకొండు నెలలు నర్సరీలో సాకాలి. ఆ పదకొండు నెలల్లో ఒక వేసవి కూడా ఉంటుంది. ఒక్క సీజన్ లెక్కన రాసే అంచనాలో దీనికి చోటు దొరకదు.

దీని ఫలితం ఏమిటంటే, తెలంగాణ నేలలో పుట్టి పెరిగే చెట్టు, నీళ్లు లేకపోయినా నిలబడే చెట్టు, గ్రామ నర్సరీలో తక్కువగా ఉంటుంది. కొమ్మ కత్తిరించి గుచ్చితే చాలు పెరిగే అలంకార మొక్కలు ఎక్కువగా ఉంటాయి. మా మండలంలో నర్సరీ బాగా నడిచిన ఊరిలో దాన్ని చూసుకున్నది ఉపాధి కూలీగా వచ్చిన ఒక పెద్దావిడ. వానలు మొదలు కాగానే గుడి ముందున్న వేప చెట్ల కింద పండ్లు ఏరించి, గుజ్జు కడిగించి, నీడలో ఆరబెట్టి, ఎండిన మర్నాడే సంచుల్లో పెట్టించేది. గింజ నిలువుగా పెట్టకూడదు, పక్కకు పడుకోబెట్టి వేలి కణుపు లోతుకు మించకుండా కప్పాలని పక్కన పనిచేసేవాళ్లకు చూపించేది. నర్సరీకి వచ్చిన ఏ అధికారికీ ఆమె ఈ విషయం చెప్పే సందర్భం రాలేదు. ఎందుకంటే మేం అడిగే ప్రశ్న ఎప్పుడూ సంచులెన్ని, మొలిచినవెన్ని అనే.

ఇక్కడ ఒక చిన్న మాట. హరితహారంలో ఇంటికి ఆరు మొక్కలు ఇచ్చారు. జామ, నిమ్మ, దానిమ్మ, కరివేపాకు, మునగ లాంటివి. రోడ్డు పక్క మొక్కలతో పోలిస్తే పెరట్లో పెట్టిన ఈ మొక్కలు చాలా బాగా బతికాయి. గిన్నెలు కడిగిన నీళ్లే వాటికి చాలు, చూసే కన్ను పొద్దంతా పక్కనే ఉంటుంది. పత్రికల్లో వాటి ఫొటోలు రాలేదు గానీ, ఈ కార్యక్రమంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అదే.

వేసవి లెక్క

నాటడం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. మే నెలలో అడుగున్నర పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి ఎండకు వదిలేయాలి. రెండు మంచి వానలు పడ్డాక పెట్టాలి. సంచి చింపి పెట్టాలి. ఇవి అందరికీ తెలుసు, చాలా ఊళ్లలో సరిగానే చేశారు. అసలు కథ ఫిబ్రవరి చివర మొదలవుతుంది.

ఈ లెక్క చూడండి. రోడ్డుకు రెండు వైపులా ఐదు మీటర్లకొక మొక్క చొప్పున పెడితే కిలోమీటరుకు 400 మొక్కలు. ఒక పంచాయతీకి నాలుగు కిలోమీటర్ల రోడ్డు ఉందనుకుంటే 1,600 మొక్కలు. ఎండాకాలంలో ఒక్కో మొక్కకు ఒక తడికి 20 లీటర్లు పోయాలి. మొత్తం 32,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ అయితే ఏడు ట్రిప్పులు. ట్రాక్టర్ కదలడం, ఆగడం, పైపు తిప్పడం అన్నీ కలిపి మొక్కకు ఒక్క నిమిషమే పట్టినా ఒక్క తడికి దాదాపు 27 గంటలు. వారానికి రెండు తడులంటే 53 గంటలు. ట్యాంకర్ నింపడానికి బోరు దగ్గర నిలబడే సమయం ఇందులో కలపలేదు, కరెంటు పోయే సమయమూ కలపలేదు.

అదే ట్రాక్టర్ పొద్దున్నే ఇంటింటి చెత్త సేకరించాలి. పల్లె ప్రగతిలో మల్టీపర్పస్ వర్కర్ విధానం వచ్చింది. 500 జనాభాకు ఒక కార్మికుడు, మొదట్లో నెలకు 8,500 రూపాయలు. రెండు వేల జనాభా ఉన్న ఊరికి నలుగురు. వీధులూడ్చడం, మురుగు కాల్వలు తీయడం, మంచినీళ్లు వదలడం, దీపాలు చూడటం, ట్రాక్టర్ నడపడం, మొక్కలకు నీళ్లు పట్టడం అన్నీ ఆ నలుగురివే. ఏప్రిల్ నెలలో ఊళ్లో మంచినీళ్లకే కటకట ఉన్నప్పుడు మొక్కలకు ట్యాంకర్ తీసుకెళ్తుంటే జనం ఊరుకోరు. ఊరుకోకపోవడంలో న్యాయం ఉంది.

కాబట్టి 85 శాతం సాధించిన ఊళ్లను చూస్తే అక్కడ మొక్కల మీద ప్రేమ ఎక్కువని అనుకోకండి. అక్కడ మొక్కల సంఖ్యను ట్యాంకర్ శక్తికి సరిపెట్టుకున్నారు. మా మండలంలో ఒక సర్పంచ్, ఊరి ఆడపడుచే, గ్రామసభలో ఖరాఖండీగా చెప్పింది: "రెండు కిలోమీటర్లకు మించి నా ట్యాంకర్ తిరగదు, రెండు కిలోమీటర్లే పెడతాను, మిగతాది వచ్చే ఏడు చూద్దాం." లక్ష్యం తగ్గిందని పైనుంచి అడిగారు. ఆమె వినలేదు. ఆ రెండు కిలోమీటర్ల కానుగలు ఇప్పుడు బస్సు దిగినవారికి నీడ ఇస్తున్నాయి.

నీళ్లు పోసే తీరులోనూ ఒక కీలకం ఉంది. ట్యాంకర్ పైపును నేరుగా పాదులోకి వదిలితే ఆ ఒత్తిడికి మట్టి కొట్టుకుపోయి లేత వేళ్లు బయటపడతాయి. పైనుంచి చూస్తే పాదు నిండా నీళ్లు కనిపిస్తాయి, తడి అయిందని రిజిస్టరులో రాస్తారు, రెండో వారానికి మొక్క వాడిపోతుంది. మంచి పనివాడు పైపు చివరకు గోనెసంచి ముక్క చుట్టి కడతాడు. నీరు ధారగా కాకుండా పాకుతూ దిగుతుంది. పాదులో ఎండుటాకులు, వరిగడ్డి పరిచిన చోట ఒక తడి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. పాదు రోడ్డు వాలుకు పైవైపు తెరిచి ఉంటే చిన్న జల్లు పడినా నీరు లోపలికి వస్తుంది. వీటికి ఏ నిధీ అక్కర్లేదు, నేర్పేవాడు ఉంటే చాలు. కార్యదర్శుల శిక్షణలో చట్టం సెక్షన్లు చెప్పినంత శ్రద్ధగా ట్యాంకర్ నడిపేవారికి ఇవి ఎవరూ చెప్పలేదు.

మేకలు, మేకల యజమానులు

మొక్కకు ఎండ తర్వాత శత్రువు మేక. సమావేశాల్లో ఈ మాట ఎత్తితే ముళ్లకంప కట్టండి, ట్రీ గార్డులు పెట్టండి, జరిమానా వేయండి అనేవారు. జరిమానాలు నిజంగానే వేశారు. 2019 సెప్టెంబరులో హుజూరాబాద్‌లో మొక్కలు మేశాయని రెండు మేకలను పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లి, యజమాని జరిమానా కట్టాక వదిలారన్న వార్త దేశమంతా పాకింది. అందరూ దాన్ని నవ్వులాటగా చదివారు. నాకు నవ్వు రాలేదు.

2017లో ఇదే రాష్ట్రం గొల్ల, కురుమ కుటుంబాలకు 75 శాతం రాయితీతో గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. ఒక్కో యూనిట్‌లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు. మంచి పథకమే. కానీ ఆ మందలు మేయడానికి ఊళ్లో మిగిలిన చోటేది? బంజరు, గుట్ట అంచు, చెరువు శిఖం, రోడ్డు పక్క. పల్లె ప్రకృతి వనాలకు (ఊరి చిన్న పార్కులకు), బ్లాక్ ప్లాంటేషన్లకు (ఒకే చోట గుంపుగా మొక్కలు పెంచడానికి) స్థలం వెతికినప్పుడు మాకు దొరికినవీ అవే. పటంలో ఖాళీగా కనిపించే బంజరు నిజానికి ఖాళీ కాదు. అది ఊరి మేతబీడు. అక్కడ మొక్కలు పెట్టి కంచె వేస్తే పచ్చదనం పెరిగినట్లు మనకు అనిపిస్తుంది, కాపరికి మాత్రం మేత పోయింది.

ఈ గొడవ తీరిన ఊళ్లలో ఒకే మార్గం కనిపించింది. స్థలం ఎంచే ముందే కాపరులను కూర్చోబెట్టి మాట్లాడారు. మంద వెళ్లే బాట వదిలారు. ఒక ఊళ్లో ప్రకృతి వనం లోపల పెరిగే గడ్డిని కోసుకునే హక్కు వారికే ఇస్తూ తీర్మానం రాశారు. ఆ తర్వాత కంచె కాపలా కూడా వారే చూసుకున్నారు. చట్టంలో మొక్కల స్థాయీ సంఘం ఉంది, మంచిదే. ఆ సంఘంలో ఒక గొర్రెల కాపరి ఉండాలని నేను ప్రతి గ్రామసభలోనూ చెప్పేవాడిని.

శిక్ష భయం ఏ మొక్కను ఎంచుకుంటుంది

ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఇది. 85 శాతం బతకాలి, లేకపోతే షోకాజ్ నోటీసు వస్తుందంటే, నోటీసు అందుకోబోయే మనిషి ఏ మొక్క నాటుతాడు? చావని మొక్క నాటుతాడు. నీళ్లు తక్కువైనా నిలిచేది, ఆరు నెలల్లో ఏపుగా పెరిగి తనిఖీకి వచ్చినవారి కంటికి పచ్చగా కనిపించేది. ఆ అర్హతలన్నీ ఉన్న మొక్క పేరు కోనోకార్పస్.

రోడ్ల మధ్య డివైడర్లలో, కార్యాలయాల ప్రహరీల పక్కన, ఊరి ప్రవేశంలో కొన్నేళ్లు ఎక్కడ చూసినా అదే. అది మన నేల చెట్టు కాదు. కొమ్మతో పెరుగుతుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. వేళ్లు మురుగు కాల్వల్లోకి, పైపుల్లోకి చొచ్చుకుపోతాయని, పుప్పొడి వల్ల అలర్జీలు వస్తున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. తర్వాత తెలంగాణ నర్సరీల్లో దాన్ని పెంచవద్దని ఆదేశాలు వచ్చాయి. 2023లో గుజరాత్ ప్రభుత్వం కూడా నిషేధించింది. నాటినవి చాలాచోట్ల కొట్టేశారు. అంటే ఆ మొక్కలకు పోసిన నీళ్లు, పట్టిన చాకిరీ అన్నీ వృథా అయ్యాయి.

ఇలాంటిదే ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం చూసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలోని చెట్లను కూల్చేసింది. నగరాన్ని త్వరగా పచ్చగా చేయాలన్న తపనతో తర్వాత నాటిన వాటిలో ఏడాకుల చెట్టు చాలా ఎక్కువ. త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు. కొన్నేళ్లకు అవన్నీ ఒకేసారి పూతకు వచ్చాయి. శరదృతువులో ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఊపిరి ఇబ్బంది అంటూ జనం ఫిర్యాదులు చేశారు. ఏడాకుల చెట్టు మన దేశపు చెట్టే, ఒకటి రెండు ఉంటే ఎవరికీ బాధ లేదు. వీధులకు వీధులు అదొక్కటే నాటడం వల్ల వచ్చిన సమస్య ఇది.

ఈ రెండు ఉదాహరణల్లోనూ స్థానిక సంస్థల తప్పిదమని అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. బతికిన శాతం ఒక్కటే కొలిస్తే ఎవరైనా అలాగే ఎంచుకుంటారు. కొలతలో రెండో గడి ఉండాలి. ఎన్ని రకాలు నాటారు, అందులో ఊరి చెట్లు ఎన్ని? మర్రి, రావి, మేడి, చింత, వేప, నేరేడు, కానుగ, ఇప్ప లాంటి చెట్లలో ఒక్కో రకం మొత్తంలో ఎంత శాతం? ఏ ఒక్క రకమూ పదో వంతుకు మించకూడదని నియమం పెడితే కార్యదర్శి నర్సరీలోనే జాగ్రత్త పడతాడు. కరెంటు తీగల కింద ఎత్తు పెరగని రకాలు పెట్టాలన్న చిన్న నియమం కూడా అవసరం. అలా చేయకపోతే ఏటా వానలకు ముందు విద్యుత్ సిబ్బంది వచ్చి ఎదిగిన చెట్టు తల నరికి వెళ్తారు, రిజిస్టరులో మాత్రం అది బతికినట్లే ఉంటుంది.

రిజిస్టరు గురించి కూడా చెప్పాలి. చనిపోయిన చోట మళ్లీ మొక్క పెట్టడాన్ని గ్యాప్ ఫిల్లింగ్ అంటారు. అది తప్పనిసరి పని, చేయాల్సిందే. కానీ సంఖ్య మాత్రమే రాసే పద్ధతిలో ఒకే గుంతలో మూడేళ్లు మూడు మొక్కలు చచ్చినా లెక్క 100 శాతమే చూపిస్తుంది. మా మండలంలో కొన్ని పంచాయతీలు గుంతలకు వరుస సంఖ్యలు వేసి, ప్రతి గుంత ఎదుట రకం, నాటిన ఏడు, తిరిగి నాటితే ఆ ఏడు రాసుకున్నాయి. ఏ మలుపులో మొక్కలు పదేపదే చస్తున్నాయో అప్పుడు తెలిసింది. ఒక చోట కింద పలుగురాయి ఉంది, ఇంకో చోట ఎరువుల దుకాణం నుంచి కడిగిన నీళ్లు వస్తున్నాయి. ఆ రెండు చోట్లా నాటడం ఆపేశారు. చావుల లెక్క దాచకుండా రాసుకున్న పంచాయతీకే ఆ మేలు దక్కింది.

ఉపగ్రహం చెప్పిన మాట

భారత అటవీ సర్వే 2021 నివేదిక ప్రకారం అంతకుముందు రెండేళ్లలో తెలంగాణ అటవీ విస్తీర్ణం 632 చదరపు కిలోమీటర్లు పెరిగింది. ఆ నివేదికలో ఆంధ్రప్రదేశ్ 647తో మొదటి స్థానం, తెలంగాణ రెండో స్థానం. హైదరాబాద్ నగరంలో 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్నది 2021 నాటికి 81.81కి చేరింది. 2022లో ఔటర్ రింగ్ రోడ్డు పచ్చదనానికి గాను హైదరాబాద్‌కు ప్రపంచ హరిత నగర పురస్కారం వచ్చింది. ఇవి సంతోషించదగ్గ సంగతులు.

అయితే ఈ అంకెలను పల్లె మొక్కల ఖాతాలో వేయకూడదు. హెక్టారుకు మించిన విస్తీర్ణంలో, చెట్ల నీడ పది శాతం దాటితే దాన్ని ఉపగ్రహ చిత్రం అడవిగా లెక్కిస్తుంది. అది మామిడి తోటా, జామాయిల్ తోటా, సహజమైన అడవా అన్నది ఆ లెక్క చూడదు. రోడ్డు పక్క ఒకే వరుసలో నిలిచిన కానుగలు ఈ లెక్కలో పెద్దగా కనిపించవు. వాటి ఫలితం చూడాలంటే మే నెల మధ్యాహ్నం ఆ రోడ్డు మీద నడవాలి.

డబ్బు

ఇక అసలు చిక్కుకు వద్దాం. 15వ ఆర్థిక సంఘం కాలంలో (2021–26) పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి కట్టుబడి ఉండేది. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకునే వీలుండేది, జీతాలకు మాత్రం వాడకూడదని నిబంధన ఉండేది. కార్మికుల వేతనాలు, ట్రాక్టర్ రుణం వాయిదా, డీజిల్, కరెంటు బిల్లులు అన్నీ పంచాయతీ సాధారణ నిధి, రాష్ట్ర గ్రాంటు మీద పడతాయి. చిన్న పంచాయతీకి, ముఖ్యంగా కొత్తగా పంచాయతీలైన తండాలకు, ఇంటి పన్ను తప్ప సొంత ఆదాయం దాదాపు లేదు. అలాంటి చోట 10 శాతం హరిత బడ్జెట్ కాగితం మీద ఉంటుంది, కానీ మొత్తమే చిన్నదైతే అందులో పదో వంతు ఎన్ని ట్యాంకర్ల డీజిల్‌కు వస్తుంది? రాష్ట్ర గ్రాంటు ఆలస్యమైన నెలల్లో మొదట ఆగేది మొక్కల తడే. వీధి దీపం ఆగితే ఫోను వస్తుంది, మంచినీళ్లు ఆగితే బిందెలతో వస్తారు, మొక్క ఎండితే ఎవరూ రారు.

2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు రావు. ఒక్కో ప్రత్యేకాధికారికి తన శాఖ పనితో పాటు అదనంగా పంచాయతీలు అప్పగించారు. అదే ఏడు హరితహారం పేరు వన మహోత్సవంగా మారింది, నాటడం కొనసాగింది. పాత మొక్కల తడులు మాత్రం చాలా ఊళ్లలో తప్పాయి. మూడేళ్లు దాటి వేళ్లు దిగినవి తట్టుకున్నాయి. 2022లో, 2023లో పెట్టినవి ఎక్కువగా పోయాయి. ఒక నిబంధన ఎంత బలంగా ఉన్నా, దాన్ని అమలు చేసే ఎన్నికైన మనిషి లేకపోతే ఎంత త్వరగా జారిపోతుందో ఆ రెండు వేసవుల్లో కళ్లారా చూశాను.

2022లో ప్రభుత్వం హరిత నిధి అనే ఆలోచన అమల్లోకి తెచ్చింది. ప్రజాప్రతినిధులు, ఉద్యోగులు, విద్యార్థులు అందరూ కొంత చొప్పున ఇచ్చేది. ప్రభుత్వ ఉద్యోగి జీతం నుంచి నెలకు 25 రూపాయలు. నా జీతం నుంచి పోయింది, ఇష్టంగానే ఇచ్చాను. అలాంటి నిధి కొత్త నర్సరీలకన్నా ముందుగా ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ డీజిల్‌కు, ఆ రెండు నెలలు అదనంగా ఒక మనిషి కూలికి నేరుగా పంచాయతీ ఖాతాలో పడితే ఫలితం వేరేలా ఉంటుందని నా నమ్మకం.

మీనంగాడి చేసిన మరో పని

కేరళలో వయనాడ్ జిల్లా మీనంగాడి పంచాయతీ 2016లో కార్బన్ సమతుల్యతను, అంటే ఊరు వదిలే కార్బన్‌కు సరిపడా తిరిగి పీల్చుకునేలా చేయడాన్ని, లక్ష్యంగా పెట్టుకుంది. అక్కడ చెట్ల బ్యాంకు అని ఒక పద్ధతి ఉంది. రైతు తన భూమిలో పెంచిన చెట్టును పంచాయతీ గుర్తించి, సహకార బ్యాంకు ద్వారా చెట్టుకు ఏటా 50 రూపాయల చొప్పున పదేళ్ల పాటు వడ్డీ లేని రుణంగా ఇస్తుంది. చెట్టును నరకనంత కాలం ఆ సొమ్ము తిరిగి కట్టనక్కర్లేదు. నరికితే కట్టాలి.

మన చట్టం మొక్క చస్తే శిక్షిస్తుంది. మీనంగాడిలో చెట్టు బతికితే డబ్బు వస్తుంది. వయనాడ్ వర్షపాతం వేరు, అక్కడి కాఫీ తోటలు వేరు, ఆ పథకాన్ని అలాగే తెచ్చి చెలక నేలల్లో పెట్టమని నేను అనను. కానీ పొలం గట్టు మీద వేప, చింత, ఈత, తాటి పెంచే రైతుకు ఏటా చెట్టుకు కొంత ఇవ్వగలిగితే రోడ్డు పక్క తిరిగే ట్యాంకర్ మీద భారం సగం తగ్గుతుంది. గట్టు మీద మొక్కకు పొలం తడిలోనే నీళ్లు అందుతాయి, మేకను రైతే తోలుతాడు. శిక్ష అనేది సర్పంచ్‌కు, కార్యదర్శికి మాత్రమే చేరుతుంది, ప్రతిఫలం అయితే ఊళ్లో నాలుగు వందల ఇళ్లకు చేరవచ్చు.

ఇప్పుడు చేయాల్సింది

2025 డిసెంబరు ఎన్నికల తర్వాత పంచాయతీలకు మళ్లీ సర్పంచులు వచ్చారు. చాలామంది కొత్తవారు, యువకులు. వారికి నేను చెప్పేది మూడే పనులు, మూడూ పంచాయతీ తీర్మానంతో అయ్యేవే.

మొదటిది, ఊళ్లో ఇప్పుడు బతికి ఉన్న మొక్కలను గుంత వారీగా ఒకసారి నడిచి లెక్కపెట్టించండి. పాత రిజిస్టరు అంకె పక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్లు రాయించండి. పాత సర్పంచ్‌ను నిలదీయడానికి ఆ లెక్కను వాడవద్దు. వాడితే నిజం ఎవరూ చెప్పరు. రెండోది, ట్యాంకర్ వారానికి ఎన్ని గంటలు మొక్కలకు కేటాయించగలదో తేల్చి, ఆ గంటలకు సరిపడా మొక్కలే నాటండి, లక్ష్యం ఎంత వచ్చినా సరే. మూడోది, ఏటా అక్టోబరు 2 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం గ్రామసభలు మొదలవుతాయి. ఆ ప్రణాళికలో వచ్చే ఏడాది కొత్త మొక్కల పద్దుకు పైన, రెండో ఏడు, మూడో ఏడు మొక్కల వేసవి తడికి విడిగా ఒక పద్దు రాయించండి. డీజిల్ ఎంత, మనిషి కూలి ఎంత, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది అందులో ఉండాలి.

నర్సరీ సంగతి అక్టోబరు దాకా ఆగదు. వేప పండ్లు జూన్‌లో రాలడం మొదలవుతుంది. ఏరించే మనుషులను, సంచులను, కడగడానికి తొట్టిని అంతకు ముందే సిద్ధం చేసుకోవాలి.